బోర్లించిన చెంబు

ఇవాళ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నల్లా వచ్చింది. మా వీధిలో అది రోజు విడిచి రోజు వస్తుంది, ముప్పావుగంట ఉండి పోతుంది, కాబట్టి ఆ చప్పుడు వినగానే ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా బిందె పట్టుకుని లేవడం అలవాటు. తాగేనీళ్ళు పట్టాక రెండు బకెట్లు నింపి పెరట్లోకి మోయడం ఇన్నేళ్ళూ అత్తమ్మ చెబితే నేను చేసిన పని. చెప్పే మనిషి పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. అయినా చేతులు బకెట్లు నింపాయి, కాళ్ళు వెనక్కి నడిచాయి.

స్నానాలగది గోడ పక్కన, ఈ ఏడు ఎవరూ ఏమీ నాటని చోట, మొన్నటి వానకు ఒక పసుపు మొలక లేచి ఉంది. జానెడు కూడా లేదు, ఆకు ఇంకా విచ్చుకోలేదు. ఎప్పుడో తవ్వినప్పుడు చేతికి అందకుండా మట్టిలో మిగిలిపోయిన ముక్క అయి ఉంటుంది. వచ్చే వారం మేస్త్రీ వచ్చి ఆ జాగా అంతా గచ్చు చేస్తాడు. కారు పెట్టుకోవడానికి చోటు లేదని మా అబ్బాయి చాలా కాలంగా అంటున్నాడు, నాయనమ్మ ఉన్నన్నాళ్ళు ఆ మాట గట్టిగా అనలేదు, ఇప్పుడు అన్నాడు, నేను సరే అన్నాను. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ మొలక ముందు బకెట్టు దించి నిలబడినప్పుడు, నలభై ఏళ్ళు దాటినా నేను ఎవరికీ చెప్పని ఒక సంగతి గుర్తుకు వచ్చింది. అది వినవలసిన మనిషి మామయ్య. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చెప్పవద్దన్న మనిషి అత్తమ్మ. ఆమె కూడా ఇప్పుడు లేదు. కనుక రాస్తున్నాను.

నేను కోడలిగా ఆర్మూరుకు వచ్చేనాటికి నాకు మట్టితో పరిచయం లేదు. మా నాన్న నిజామాబాదులో బడిపంతులు, మాది మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు, కరివేపాకు కూడా కొనుక్కునేవాళ్ళం. నాకు తెలిసిందల్లా చదువు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది, పెళ్ళి సామానులో కూడా ఒక పెట్టె నిండా పుస్తకాలే వచ్చాయి. వాటిని చూసి అత్తమ్మ పెట్టెకు చెద పట్టకుండా కింద వేపాకు పరిచి, ఎత్తు మీద పెట్టించింది. మా ఆయన అప్పుడు భీమ్‌గల్‌లో ఉద్యోగం, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తొలి బస్సుకు వెళ్ళేవారు. మిగిలిన రోజులు ఇంట్లో మేం ముగ్గురమే.

పెరడు అత్తమ్మది. మామయ్యకు చేను ఎంతో ఆమెకు ఆ పెరడు అంత. ఇప్పటి లెక్కలో అది పెద్దదేమీ కాదు, కానీ అందులో బెత్తెడు నేల ఖాళీగా ఉంటే ఆమెకు తోచేది కాదు. అంట్లు తోమిన నీళ్ళు పోయే కాలువ పక్కన అరటి, అరటి మొదట్లో చేమ, బావిగట్టు తడికి పుదీన, స్నానాలగది కప్పు మీదికి బీరతీగ, వంటింటి వెనుక చిక్కుడు పందిరి. పందిరి కాసినప్పుడు పైన కూర, కింద నీడ, ఆ నీడలో అల్లం. వరుసల మధ్య మిగిలిన సందులో తోటకూర గింజలు చల్లేది. అది పెరిగి పక్క మొక్కకు అడ్డం వచ్చేలోపు పీకి కూర వండేది. కాలువ చివర, మురుగు నిలిచే చోట, ఇంకేమీ బతకదని మెట్టతామరలు పెట్టింది. వాటన్నిటికీ నడుమ, ఒక గుంట నేలలో, అంటే ఎకరంలో నలభయ్యో వంతులో, పసుపు.

ఆ పెరటి పసుపు అమ్మడానికి కాదు. అత్తమ్మ పెళ్ళయి వచ్చినప్పుడు ఏర్గట్లలోని పుట్టింటి నుంచి ఒక మూటలో తెచ్చుకున్న విత్తనం అది. ఏటేటా పెరట్లో నాటుకుని, తవ్వుకుని, మళ్ళీ దాచుకునేది. మామయ్య దాన్ని ఆడవాళ్ళ సరదా కింద జమకట్టేవారు. నేను వచ్చిన ఏడాది మాత్రం ఆ మాట అనలేకపోయారు. చేనులో దుంపకుళ్ళు పట్టింది. తవ్విన చోటల్లా సగం మెత్తబడి, వాసన వేసి, చేతిలో పిప్పి అయిపోయింది. ఆ చుట్టుపక్కల చేలన్నీ అంతే, కాబట్టి ఎవరి దగ్గర విత్తనం తెచ్చినా దానితో తెగులు కూడా వస్తుందన్న భయం. పెరటి పసుపు ఒక్కటే శుభ్రంగా ఉంది. ఆ కుప్పను పది గుంటల కొత్త నేలలో నాటాలని, అది పండితే ఆపై ఏడాదికి చేనంతటికీ విత్తనం అవుతుందని మామయ్య నిర్ణయించారు. లేకపోతే పసుపు మానేసి మక్కజొన్న వేయడమే అన్నారు. తాతల నాటి నుంచి పసుపు చేసిన ఇంట్లో ఆ మాట అన్నప్పుడు ఆయన అన్నం కలుపుతూ ఆగిపోవడం నాకు గుర్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తవ్విన పసుపులో ఉడకబెట్టి ఎండబెట్టి అమ్మేది వేరు, విత్తనానికి పచ్చిగా దాచేది వేరు. రెండూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి, రెండూ పసుపాకు కప్పుకుని కుప్పలుగానే ఉంటాయి. ఉడికించిన ముక్క ఇక మొలవదు. అందుకని విత్తనపు కుప్పకు ప్రతి ఇంట్లో ఏదో ఒక గుర్తు ఉండేది. కొందరు వేపకొమ్మ గుచ్చేవారు, కొందరు సున్నపు గీత గీసేవారు. మా ఇంట్లో ఇత్తడి చెంబు బోర్లించేవారు. తవ్విన రోజు నుంచి నాటే రోజు దాకా చెంబు దాని మీదే ఉండేది. చెంబు ఉన్న కుప్ప జోలికి కూలికి వచ్చిన మనిషి పోదు, పిల్లలు పోరు, చెంబు లేనిదంతా కడాయిలోకి. ఇది ఆ ఇంట్లో అందరికీ ఎంత తెలిసిన విషయమంటే, కొత్త కోడలికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

శివరాత్రి దాటిన వారంలో, మొదటి విడత ఎండిన పసుపు తీసుకుని మామయ్య మార్కెట్ యార్డుకు వెళ్ళారు. బస్తాలు దిగి, వాటి వంతు వచ్చి, తూకం అయ్యేదాకా అక్కడే పడి ఉండాలి, రెండు మూడు రోజులు పడుతుందన్నారు. రెండో విడత ఇంటి వెనుకే ఉడుకుతోంది. చేను దగ్గర ఆరబోస్తే కాపలా కష్టమని మా వాళ్ళు పెరటి అవతలి ఖాళీ జాగాలో పొయ్యి తవ్వి పెద్ద ఇనుప కడాయి ఎక్కించేవారు. ఆ మర్నాడు అత్తమ్మ బంధువుల ఇంట్లో చావు పలకరింపుకు దొంకేశ్వర్ వెళ్ళవలసి వచ్చింది. పొద్దున బస్సుకు వెళ్ళి మధ్యాహ్నానికి వస్తానంది. విత్తనపు కుప్పకు మట్టి మెత్తే పని వచ్చాక చేస్తానంది. వెళ్తూ నాకు చెప్పింది ఒక్కటే, కూలి ఆడవాళ్ళకు అడిగినప్పుడల్లా నీళ్ళు ఇమ్మని.

పొయ్యి సెగకు వాళ్ళు గడియకోసారి నీళ్ళడిగారు. వంటింట్లో ఉన్న గ్లాసులు చాలలేదు. పందిరి కింద కుప్ప మీద ఒక ఇత్తడి చెంబు బోర్లా పడి ఉంది. ఎవరో తాగి అక్కడ పడేశారనుకున్నాను. మట్టిలో ఇత్తడి చెంబు పడేయడం ఏం పద్ధతి అని కూడా అనుకున్నాను. దాన్ని తీసుకుపోయి చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను. తోమిన చెంబుతో నీళ్ళు తెచ్చి వాళ్ళకు పోశాను. నాకు ఆ పూట ఇల్లు నడుపుతున్నానన్న సంతోషం ఉంది, అది దాచను.

కాసేపటికి కూలివాళ్ళలో పెద్దామె నా దగ్గరకు వచ్చింది. పొయ్యి దగ్గరి కుప్పలు అయిపోయాయి.

"ఏం బిడ్డా, పందిరి కిందిది గూడ కడాయిల పోద్దామా? చెంబైతే లేదు. మీ అత్తమ్మ ఏమన్న జెప్పిందా?"

ఆమె చెంబు మాట ఎందుకు ఎత్తిందో నాకు అర్థం కాలేదు. ఎందుకని అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి చిన్నతనం అనిపించింది. ఇంత చదువుకుని వచ్చి కూలి మనిషి ముందు ఏమీ తెలియనట్టు నిలబడడం ఇష్టం లేక, పోయండి అన్నాను.

అత్తమ్మ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుందామని వంటింటి గట్టు వైపు తిరిగింది. గట్టు మీద చెంబు మెరుస్తూ ఉంది. ఆమె దాని వైపు చూసింది, నా వైపు చూసింది, చేతిలోని సంచీ కింద పెట్టడం కూడా మరిచిపోయి పెరట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. అప్పటికి ఒక కడాయి ఉడికి, దింపి, పరిచారు. రెండోది పొయ్యి మీద ఉంది. పందిరి కింద రెండు గంపల పసుపు మిగిలింది.

"మంట గుంజుండ్రి. జల్ది గుంజుండ్రి," అంది. గొంతు పెంచలేదు. కట్టెలు బయటికి లాగుతుండగానే కడాయి మీది గోనెపట్టా తీసి, పొగలు కక్కే నీళ్ళలో చేయి పెట్టి, పై వరసలోవైనా బతికి ఉంటాయేమోనని ముక్కలు బయటికి తోడింది. కూలి పెద్దామె భుజం పట్టుకుని వెనక్కి లాగేదాకా ఆగలేదు. అప్పటికి కుడి చేతి వేళ్ళు నాలుగూ ఎర్రగా పొంగాయి.

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె నన్ను చూసి, ముందు కూలివాళ్ళ వైపు తిరిగింది.

"గీ ముచ్చట గీ పొయ్యి కాడనే ఉండాలె," అంది. తర్వాత నాతో, "ఏడ్వకు. ఏడిస్తే మొలుస్తదా? లోపలికి పోయి కత్తిపీట తే, పొయ్యిల బూడిద తే."

ఆ సాయంత్రం ఆమె చేసిన పని ఆ రోజుల్లో మా వైపు ఇంకెవరూ చేయగా నేను చూడలేదు. విత్తనం అంటే వేలెడు కొమ్మును అలాగే నాటడం వాడుక. ఆమె చెప్పినట్టు నేను కొమ్మును కోశాను, ఒక్కో ముక్కకు మొలక వచ్చే కన్ను ఒక్కోటి ఉండేలా. కోసిన చోట ఆమె ఎడమ చేత్తో బూడిద అద్దింది. మరుగు నీళ్ళలోంచి తీసిన ముక్కలను ఒక కుండలో వేరుగా పెట్టింది. తర్వాత కుప్పను మళ్ళీ కట్టాం. లోపల ఎండుటాకు, వరిపొట్టు. పైన ఒక్క పొర పసుపు, ముదిరి కన్ను చచ్చినవి. వాటి మీద పసుపాకు, ఆకు మీద పేడ కలిపిన మట్టి, కొసన చెంబు. నేను తోమిన చెంబు మరీ మెరుస్తోందని దానికి కాస్త బురద పూసింది.

మూడో రోజు మామయ్య వచ్చారు. వెనుక గుమ్మంలో నిలబడి కుప్పను చూసి, చెంబును చూసి, బాగుందన్నట్టు తల ఊపారు. అత్తమ్మ చేతికి కట్టిన గుడ్డ గురించి అడిగితే గంజి ఒలికిందని చెప్పింది. అలా మొదలైంది. అప్పటి నుంచి తొలకరి దాకా, మూడు నెలలకు పైగా, ఆయన రోజూ ముఖం కడుక్కునేటప్పుడు ఆ కుప్ప వైపు చూసేవారు, నేను ఆయన వైపు చూసేదాన్ని. ఒక్కోసారి దాని దగ్గరకు వెళ్ళి మట్టి బీటలు వారిందేమోనని వేలితో నొక్కి చూసేవారు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ దగ్గర ఆగిపోయేదాన్ని. మా ఆయనకు కూడా చెప్పలేదు, చెబితే తండ్రి ముఖం ముందు దాచలేరని అత్తమ్మ వద్దంది.

కోసిన ముక్కలకు చోటు కావాలి. నేలలో పెడితే మామయ్య కంట పడుతుంది. మా పెరటి పక్క గోడ అవతల నూనె దుకాణం వాళ్ళ ఇల్లు, ఆ ఇంటి పెద్దావిడను నేను ఖాలా, అంటే పిన్ని, అనేదాన్ని. ఆమె దగ్గర ఖాళీ డబ్బాలు ఉండేవి. అత్తమ్మ అడిగితే గోడ మీది నుంచి ఒక్కొక్కటే అందించింది, అందిస్తూ అందిస్తూ తొంగి చూసింది.

"అరె అక్కా, డబ్బాలల్ల పసుపా? మీకు చేను లేదా ఏంది?"

"ఉంది. డబ్బాలు గూడ గావాలె."

ఖాలా నా ముఖం చూసింది, అత్తమ్మ చేతి కట్టు చూసింది. "నేనేం సూడలే. నా కళ్ళద్దాలు ఇంట్లనే ఉన్నయ్," అని గోడ దిగింది. తర్వాత అడగకుండానే పగిలిన కుండలు, అడుగు ఊడిన బొగ్గుల బుట్ట, పిల్లల పాత పలకపెట్టె కూడా పంపింది.

పెంట, ఇసుక, మట్టి కలిపి వాటిలో నింపి, ఒక్కోదానిలో పట్టినన్ని ముక్కలు పెట్టి, అరటి బోదెల మధ్య, మెట్టతామరల వెనుక, పందిరి వెనుక వరసలుగా సర్దాం. మెట్టతామర ఆకు, పసుపు ఆకు లేతగా ఉన్నప్పుడు దూరం నుంచి ఒక్కలా కనిపిస్తాయి. అక్కడే పెట్టడానికి కారణం అది. కానీ డబ్బాలకు చోటు కావాలంటే అక్కడ ఉన్నవి పోవాలి. తోటకూర పోయింది, అల్లం పోయింది, పుదీన మడి పోయింది, కాస్తున్న చిక్కుడు పాదులు రెండు ఆమె తన చేత్తో పీకింది. వేసవిలో ఆ ఇంట్లో కూర లేకపోవడం అదే మొదటిసారి.

"ఏందే, పెరట్ల ఆకు సుత లేదా?" అని మామయ్య కంచం ముందు కూర్చుని అడిగేవారు. "వాడంత మన పెరడు జూసి కుళ్ళుకుంటరు, మన కంచంల జూస్తే రోజు పప్పే."

"ఎండకు మాడింది. నువ్వు పోయి పెరట్ల కూసో, నిన్ను జూసి వానొస్తదేమో," అనేది అత్తమ్మ. ఆయన నవ్వి పప్పు పోసుకునేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ముక్కలు పెట్టాక చాలా వారాలు ఏమీ జరగలేదు. రోజూ పొద్దున్నే డబ్బాల మీద పరిచిన ఎండుగడ్డి తొలగించి చూసేదాన్ని, మళ్ళీ కప్పేదాన్ని. ఒక ముక్కను తవ్వి చూశానని అత్తమ్మ కోప్పడింది, అన్ని నెలల్లో నా మీద ఆమె కోప్పడ్డది అదొక్కసారే. ఎండలు ముదిరాక ఒకనాడు బొగ్గుల బుట్టలో మొదటి మొలక కనిపించింది. తర్వాత రెండు వారాల్లో దాదాపు అన్నీ లేచాయి. కుండలో వేరుగా పెట్టినవాటికి మాత్రం ఏమీ రాలేదు. అత్తమ్మ చేయి కాల్చుకుని తీసినవి అవి. నేను వాటికి మిగతావాటికంటే ఎక్కువ కాలం నీళ్ళు పోశాను.

మొలకలు నాలుగు వేళ్ళ ఎత్తు ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచి రాళ్ళవాన పడింది. ముందు పందిరి విరిగి డబ్బాల మీద పడింది. ఆ వెంటనే నీళ్ళు. డబ్బాలకు అడుగున బొక్కలు పొడిచాం గానీ ఆ వానకు అవి చాలవు, అంచుల దాకా నిండిపోయాయి. పసుపుకు నీళ్ళు నిలిస్తే కుళ్ళే, చేనును తినేసిందీ అదే. మామయ్య ముందు గదిలో ఉన్నారు. అత్తమ్మ గోనెపట్టా తల మీద వేసుకుని బయటికి దూకింది, నేను మేకు, రాయి పట్టుకుని వెనకాల. గోడ మీది నుంచి పిలిస్తే ఖాలా కూడా వచ్చింది. ముగ్గురం డబ్బాలను పక్కకు వంచి, నీళ్ళు వంచి, మేకుతో కొత్త బొక్కలు కొడుతూ ఉన్నాం. రేకు మీద రాయి చప్పుడు వానను మించి వినిపిస్తోంది. తల ఎత్తి చూస్తే మామయ్య వెనుక గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"వాన తగ్గలే, మీరు ముగ్గురు గీడ ఏం జేస్తున్నరు?"

నా చేతిలో మేకు ఉంది. అత్తమ్మ ముందు ఉన్న డబ్బాలో మొలకలు తెలుస్తూనే ఉన్నాయి. ఖాలా లేచి వాటికి అడ్డంగా నిలబడింది.

"నా డబ్బాలన్నా! దాసిపెట్టుమని ఇచ్చిన, సూడు, నీళ్ళు నిండి తుప్పు పడుతున్నయ్!"

"నీ డబ్బాలు సల్లగుండ. లోపలికి రాండ్రి, తలకాయలు పగుల్తయ్," అని ఆయన వెళ్ళిపోయారు. ఖాలా ఎంతసేపో నవ్వింది. అత్తమ్మ గోడకు చేరగిలబడి, కట్టు విప్పిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ వానకు మూడో వంతు మొక్కలు పోయాయి.

మిరుగం వచ్చింది, అంటే మృగశిర కార్తె. చేను దున్ని సిద్ధం చేసి, ఒక పొద్దున మామయ్య పార పట్టుకుని పెరట్లోకి వచ్చారు. ఆ రోజు నేనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో, ఆయన ఏమంటే ఏమనాలో అన్నీ అనుకుని ఉన్నాను. ఆయన వంగి చెంబు ఎత్తారు. నేను ముందుకు వెళ్ళి, "మామయ్యా, ఆ చెంబు..." అన్నాను.

"గా చెంబు నేనే తీసిన," అంది అత్తమ్మ నా వెనుక నుంచి.

ఆయన ఆమె వైపు చూశారు. పారతో మట్టి పగలగొట్టారు. ఒక్క పొర కింద వరిపొట్టు. పొట్టును కాసేపు వేళ్ళతో కెలికారు. తర్వాత లేచి, ఆమె కుడి చేయి పట్టుకుని, వేళ్ళ మీది మచ్చలు తిప్పి చూశారు.

"గంజి గాదన్న మాట."

"గాదు. దూపైతే నీళ్ళు తాగనీకి తీసిన. మర్చిన."

"ముప్పయ్యేండ్ల సంది పసుపు జేస్తున్నవ్. చెంబు తీసి మర్చినవా?"

"మర్చిన అంటున్న గద."

నేను నోరు తెరిచాను. అత్తమ్మ నా కాలి మీద తన కాలు పెట్టి నొక్కింది, ఆయనకు కనిపించకుండా, నొప్పి పుట్టేంత గట్టిగా. నేను ఆగిపోయాను. ఆ నొప్పికి ఆగానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆగడానికి ఒక కారణం దొరికింది కనుక ఆగాను.

ఆమె ఆయనను పందిరి వెనక్కి తీసుకుపోయి డబ్బాలు చూపించింది. ఆయన గొంతుక్కూర్చుని ఒక మొక్కను వేళ్ళతో లేపి, వేరు చూసి, మళ్ళీ మట్టి అదిమారు. చివరికి, ఆరు గుంటలకు సరిపోతయ్ అన్నారు. ఆరు గుంటలు నాటాం. అది నిలిచింది, కుళ్ళు రాలేదు, రెండేళ్ళకు చేనంతా మళ్ళీ పసుపైంది.

కానీ ఆ పొద్దున ఇంకొకటి జరిగింది. లేచి నిలబడ్డాక ఆయన చేతిలో చెంబు ఇంకా ఉంది. అత్తమ్మ దాని కోసం చేయి చాపింది. ఆయన ఇవ్వలేదు. నా వైపు తిరిగారు.

"ఇగ ఇది కోడలు చేతిల ఉంటది. సదువుకున్న పిల్ల, యాది మరువది."

అత్తగారి చేతి నుంచి కోడలికి ఆ పని రావడం ఆ ఇంట్లో మామూలుగా చాలా ఏళ్ళ తర్వాత, ఆమెకు చేతగానప్పుడు, ఆమె ఇష్టంతో జరిగే విషయం. నేను చెంబు అందుకున్నాను. అత్తమ్మ చాపిన చేయి వెనక్కి తీసుకుని, చీరకు తుడుచుకుని, చేనుకు పోయేవాళ్ళకు అన్నం కట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత మామయ్య ఉన్నన్నాళ్ళు, ప్రతి ఏడు పసుపు తవ్వే రోజున, కూలివాళ్ళందరి ముందు ఒక మాట అనేవారు. "ఏమే, ఈ యేడు విత్తనం ఉడకబెడ్తవా, పచ్చిదే ఉంచుతవా?" అందరూ నవ్వేవారు. ఆమె కూడా, "నీ తలకాయ ఉడకబెడ్త," అని నవ్వేది. నేను వంగి కుప్ప మీద చెంబు బోర్లించేదాన్ని. ఇరవై ఏళ్ళకు పైగా ఇలా జరిగింది. ఆ పొయ్యి దగ్గర పని చేసిన ఆడవాళ్ళు ఒక్కరు కూడా నోరు జారలేదు.

ఎందుకలా చేశావని ఒకసారి అడిగాను, ఆమె జొన్నలు చెరుగుతుంటే. చేట ఆపలేదు. "నన్నంటే అంటడు, మల్ల పొద్దుమీకి అన్నం పెట్టు అంటడు. నిన్నంటే నువ్వు యాదుంచుకుంటవ్. పుస్తకాలు సదివేటోళ్ళు అన్నీ యాదుంచుకుంటరు," అంది. మామయ్య మంచాన పడ్డ రోజుల్లో ఇక చెప్పేద్దామని ఆయన దగ్గర కూర్చున్నాను. ఆమె పక్కనే ఉంది. నా ముఖం చూసి సంగతి కనిపెట్టి, గ్లాసు నా చేతికిచ్చి నీళ్ళు తెమ్మంది. నేను నీళ్ళు తెచ్చాను.

ఆఖరు ఏడాదిలో అత్తమ్మకు చాలా పేర్లు పోయాయి. మనవణ్ణి కొడుకు పేరుతో పిలిచేది, ఖాలా పోయిందని మరిచిపోయి గోడ వైపు కేకేసేది. శివరాత్రి దాటాక ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరకు రమ్మని, "చెంబు పెట్టినవా?" అని అడిగింది. కుప్ప లేదు. పెట్టిన అత్తమ్మా అన్నాను. సరే అన్నట్టు కళ్ళు మూసుకుంది.

చేను ఇప్పుడు కౌలుకు ఇచ్చాం. చేసే అతను మంచివాడు, నాటే కాలానికి ప్లాస్టిక్ ట్రేలలో పెంచిన నారు కొని తెస్తాడు, ఒక్కో గుంతలో ఒక్కో కన్ను మొలిచి ఉంటుంది. ఉడికించడానికి ఆవిరి డ్రమ్ముల బండి చేను దగ్గరకే వస్తుంది, ఒక్క రోజులో అయిపోతుంది. దిగుబడి కూడా బాగానే ఉంది. ఎవరూ చేయి కాల్చుకోనక్కరలేదు. చెంబు వంటింటి అలమరలో ఉంది. ఉదయం పెరట్లోంచి వచ్చాక తీసి చూశాను, అడుగున ఒకచోట సొట్ట ఉంది, అది ఎప్పటిదో నాకు తెలియదు. తోమాలనిపించలేదు, అలాగే పెట్టేశాను.

మొలకకు అర బకెట్టు నీళ్ళు పోశాను. మా పెరట్లో ఇప్పుడు ఎవరూ చెంబు బోర్లించరు.